నాలుగేళ్ళ జిమ్ ఒకవైపు, పదహారేళ్ళ తమ్ముడు ఒకవైపు: మగవాళ్ళ జబ్బలకి ఆ బలం ఎక్కడిది?

వేళచ్చేరి_వాణి
నాకు 27. నాలుగేళ్ళుగా వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను. ఒంటి బరువు 58 కిలోలు, డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేలమీంచి లేపడంలో, 90 కిలోలు ఎత్తుతాను. మా పిన్ని కొడుకు సెలవులకని నెల్లూరు నుంచి చెన్నై వచ్చాడు. వాడికి పదహారు, డంబెల్ అన్నది ముట్టుకుని ఎరగడు. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద పంజా పట్టాం. నా మోచెయ్యి కింద ప్లాస్టిక్ షీట్ ముడతపడి జారింది, పక్కనున్న రసం గిన్నె కదిలింది, అప్పటికే నా చెయ్యి కింద ఉంది. మూడు సెకన్లు పట్టిందేమో. ఎడమ చేత్తో పట్టినా అంతే. వాడు రెండో చేత్తో ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు.

ఓడిపోయినందుకు ఏడవట్లేదు. స్క్వాట్‌లో, అంటే బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీ తీయడంలో, వాడికన్నా నేనే ఎక్కువ ఎత్తాను, మర్నాడు జిమ్‌కి తీసుకెళ్ళి మరీ చూశాను. కాళ్ళలో లేని తేడా చేతుల్లో ఇంత ఎందుకు? ట్రైనర్‌ని అడిగితే "లేడీస్‌కి అంతే మేడమ్, దేవుడలా చేశాడు" అన్నాడు. నాలుగేళ్ళు ఫీజు కట్టిన దానికి ఇదా సమాధానం? తెలిసినవాళ్ళు చెప్పండి.

మడిపాక్కం_మాస్టారు
టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్. అంతే. యవ్వనం వచ్చాక మగపిల్లల్లో అది ఆడవాళ్ళ కన్నా దాదాపు పదిహేను రెట్లు ఉంటుంది. మీవాడు పదహారేళ్ళవాడు కదా, ఇప్పుడు వాడి ఒంట్లో కండ పనేం లేకుండానే పెరుగుతోంది.

అడయార్_అమ్మాజీ
అంతే అని తేల్చేయకండి మాస్టారూ. మా ఇంట్లో గుడ్డు అన్నయ్యకి, గుడ్డు పులుసు నాకు. ఆడపిల్ల చెట్టెక్కితే తిట్లు, మగపిల్లాడు ఎక్కితే "హుషారు". పదిహేనేళ్ళు ఇలా పెంచి తర్వాత పంజా పట్టించి ప్రకృతి అంటే ఎలా?

ఫిజియో_తాంబరం
అమ్మాజీ గారి మాట కొట్టిపారేసేది కాదు, తిండి ఎత్తు మీదా ఎముక మీదా కచ్చితంగా పనిచేస్తుంది. కానీ తిండి సమానంగా పెట్టిన దేశాల్లో కూడా ఈ తేడా పోలేదు. నా దగ్గర క్లినిక్‌లో చేతిపట్టు కొలిచే మీటర్ ఉంది, పిడికిట్లో పెట్టుకుని నొక్కితే ముల్లు కిలోల్లో చూపిస్తుంది. పదేళ్ళ లోపు అన్నాచెల్లెళ్ళు వస్తే ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పలేను. అదే పిల్లలు పదిహేనేళ్ళకి వస్తే మీటర్ చూడక్కర్లేదు.

2007లో జర్మనీలో చేసిన అధ్యయనం ఒకటి వాణి గారికి నేరుగా వర్తిస్తుంది. 90 శాతం మంది ఆడవాళ్ళ పట్టు 95 శాతం మంది మగవాళ్ళ పట్టు కన్నా తక్కువ వచ్చింది. జూడో, హ్యాండ్‌బాల్ ఆడే మేటి క్రీడాకారిణుల్ని కూడా కొలిచారు. వాళ్ళలో కూడా చాలామంది, ఏ శిక్షణా లేని మగవాళ్ళ వరసలో సగం దాటి పైకి వెళ్ళలేదు. అంటే మీ నాలుగేళ్ళ కష్టం వృథా అని కాదండీ, మీరు ఆడవాళ్ళలో బాగా పైనే ఉండి ఉంటారు. ఆ రెండు గుంపుల మధ్య దూరమే అంత.

ఇక కాళ్ళూ చేతుల సంగతి. ఎత్తులో మగవాళ్ళు ఆడవాళ్ళ కన్నా సగటున ఏడెనిమిది శాతమే ఎక్కువ. బరువులో పదిహేను, ఇరవై శాతం. కానీ ఆడవాళ్ళ బరువులో కొవ్వు పాలు ఎక్కువ, బిడ్డని మొయ్యడానికి, పాలివ్వడానికి అది కావాలి. కొవ్వు పక్కనపెట్టి కండ మాత్రం చూస్తే కాళ్ళలో దాదాపు 50 శాతం, చేతుల్లో 75 శాతం దాకా తేడా. మీరు కాళ్ళకి నాలుగేళ్ళు సాధన చేసి ఆ దూరం దాటారు, చేతుల దగ్గర దాటలేకపోయారు. మీరు చూసింది సరిగ్గా ఆ లెక్కే.

వేళచ్చేరి_వాణి
థాంక్స్ అండీ, ఇలా లెక్కలతో చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. కానీ నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. చేతుల్లోనే ఎందుకు? హార్మోన్‌కి భుజం మీద అంత ప్రేమ ఏంటి?

గిండీ_నడక
ఇప్పుడు అసలు ప్రశ్న అడిగారు. మాస్టారు చెప్పింది "ఎలా". మీరడిగేది "ఎందుకు". రెండూ వేరు.

నేను రోజూ పొద్దున గిండీ వైపు నడుస్తాను. గిండీ నేషనల్ పార్క్ నగరం మధ్యలో దాదాపు 2.7 చదరపు కిలోమీటర్ల అడవి, పక్కనే ఐఐటీ ఆవరణ, రెండుచోట్లా కృష్ణజింకలున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అదే కదా. మగదానికి మెలితిరిగిన పొడవాటి కొమ్ములు, ఎదిగాక వీపు నల్లబడుతుంది. ఆడదానికి మామూలుగా కొమ్ముల్లేవు, లేత గోధుమరంగు. ఒకసారి రెండు మగవి తలపడటం దగ్గర్నుంచి చూశాను. ముందు చాలాసేపు పక్కపక్కన నడిచాయి, తలెత్తి, చెవులు వాల్చి. తర్వాత తలలు దించాయి. కొమ్ములు తగిలిన చప్పుడు కోలాటం కర్రల చప్పుడులా ఉంది. నిమిషంలోపే ఒకటి పారిపోయింది. దూరంగా ఆడవి గడ్డి మేస్తున్నాయి, తలెత్తి కూడా చూడలేదు.

పులి నుంచి కాపాడుకోవడానికే కొమ్ములైతే ఆడదానికీ ఉండాలి, పులికి ఆడామగా తేడా లేదు. ఆ కొమ్ములు ఇంకో మగజింక కోసం. ఈ మాట 1871లోనే డార్విన్ వివరంగా రాశాడు. ఆడది ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని కంటుంది, గెలిచిన మగది మందలో ఎన్నిటికో తండ్రి అవుతుంది, ఓడింది ఒక్కదానికీ కాదు. గెలుపు విలువ అంత పెద్దదైనప్పుడు, గెలిపించిన కొమ్మూ కండా తరతరానికీ కొంచెం కొంచెం పెరుగుతాయి. ఎక్కడ ఒక్క మగది ఎక్కువ ఆడవాటిని దక్కించుకుంటుందో అక్కడ తేడా ఎక్కువ. గొరిల్లాలో మగది ఆడదానికి రెట్టింపు. దక్షిణ ధ్రువం వైపు ఉండే ఏనుగు సీల్‌లో ఐదారు రెట్లు. అస్సాం అడవుల్లో ఉండే హూలాక్ గిబ్బన్లు అనే తోకలేని కోతులు జంటగా కాపురం చేస్తాయి, వాటిలో రంగు తేడానే గానీ సైజు ఇంచుమించు ఒకటే.

మనిషి గిబ్బన్ కాదు, గొరిల్లా కాదు, మధ్యలో ఎక్కడో ఉన్నాడు. మన కొమ్ములు మన భుజాల్లో ఉన్నాయని నా నమ్మకం.

గోదారి_పుంజు
ఇంత దూరం వెళ్ళాలా అన్నా, సంక్రాంతికి మా ఊరొస్తే చాలు. పుంజు కాలి వెనక ముల్లు ఎంతుంటుంది, పెట్టకి ఎంతుంటుంది? పుంజు మెడ ఈకలు పొడుగ్గా జూలులా ఉంటాయి, పెట్టకి అంతుండవు. అది పుట్టిందే ఇంకో పుంజుతో కొట్టుకోడానికి. పందేలరాయుళ్ళు కత్తి కట్టేది కూడా ఆ ముల్లు ఉన్న చోటే. మా తాత పందేలకి వెళ్ళేవాడు కాదు గానీ పెరట్లో పుంజుల్ని విడివిడిగా కట్టేసేవాడు. కలిపితే సాయంత్రానికి ఒకటే మిగులుతుంది.

సందేహం_శాస్త్రి
జింకలూ పుంజులూ బాగున్నాయి. కానీ మనిషి దగ్గరకొచ్చేసరికి కథ కొంచెం తొందరగా చెప్పేశారు. పోట్లాడే కోతుల్లో మగవాటి కోరపళ్ళు కత్తుల్లా ఉంటాయి, బబూన్ నోరు తెరిస్తే తెలుస్తుంది. మనకేవి? ఇథియోపియాలో దొరికిన 44 లక్షల ఏళ్ళ నాటి ఆర్డిపితెకస్ అనే, మనిషి వంశం వైపు జీవిలోనే మగవాటి కోరలు చిన్నవైపోయాయి. అంటే మనవైపు పోట్లాట తగ్గిందనే కదా? పైగా మగవాళ్ళ భుజబలానికి వేట చాలు కారణంగా. రాయి విసరాలి, బల్లెం విసరాలి, చంపిన జంతువుని ఇంటిదాకా మోసుకురావాలి. ప్రతిదానికీ ఆడవాళ్ళ కోసం కొట్లాటే కారణం అంటే నాకు మింగుడుపడదు.

గిండీ_నడక
శాస్త్రి గారూ, కోరల సంగతి నిజం, దాన్ని ఎవరూ కాదనరు. రెండు కాళ్ళ మీద నడిచి చేతులు ఖాళీ అయ్యాక నోటితో పని తగ్గింది అని ఒక వాదన.

వేట గురించి మాత్రం ఒక ప్రయోగం చెప్తాను. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో చేశారు. గుద్దు బలం కొలవాలి, కానీ గుద్దిస్తే చేతులు విరుగుతాయి. అందుకని గుద్దేటప్పుడు చెయ్యి కదిలినట్టే కదిలేలా ఒక చక్రం పిడిని తిప్పించారు. మగవాళ్ళ శక్తి సగటున 162 శాతం ఎక్కువ వచ్చింది, అంటే రెండున్నర రెట్లు దాటింది. మగవాళ్ళలో అందరికన్నా బలహీనుడు కూడా ఆడవాళ్ళలో అందరికన్నా బలమైనావిడని మించాడు. బల్లెం విసిరినట్టు తలమీంచి ముందుకి లాగే బలం కూడా కొలిచారు. అందులో తేడా ఉంది గానీ అంత లేదు. వేటే అసలు కారణమైతే పెద్ద తేడా విసరడంలో కనపడాలి కదా, గుద్దులో ఎందుకు కనపడింది?

సందేహం_శాస్త్రి
ఇది నాకు తెలియదు, బాగుంది. కానీ ఒక్క ప్రయోగం. అదే బృందం మనిషి పిడికిలి గుద్దడానికే అలా కుదిరింది అని కూడా రాసింది, దానికి చాలామంది ఒప్పుకోలేదు. బొటనవేలు పొడుగై మిగతా వేళ్ళు పొట్టివైతే పనిముట్లు పట్టుకోడానికి వీలు, పిడికిలి బిగించడానికీ వీలు. ఏది ముందు ఏది వెనక అని తేల్చడం కష్టం. వేటా పోట్లాటా రెండూ కలిసి చేశాయంటే ఒప్పుకుంటాను.

తిరువాన్మియూర్_తేజ
గడ్డం గురించి కూడా వాళ్ళే చేశారు కదా! ఎముకలా ఉండే పదార్థం మీద గొర్రె ఉన్ని కప్పి పైనుంచి బరువు పడేస్తే, ఉన్ని ఉన్నవి తక్కువ విరిగాయి. దవడ మీద దెబ్బ పడితే గడ్డం మెత్తలా కాస్తుందని. మా అమ్మ రోజూ గడ్డం గీసుకోమంటుంది, హెల్మెట్ తీసెయ్యమంటావా అని అడుగుతాను ఇవాళ.

గోదారి_పుంజు
తేజా ముందు గడ్డం పూర్తిగా రానీ తమ్ముడూ

వేటూరి_కాదు_వేటగాడు
చర్చ ఇంత పొడుగ్గా ఎందుకు. ప్రకృతే మగవాణ్ణి పైన పెట్టింది, ఇప్పుడు సైన్స్ కూడా చెప్తోంది. సమానత్వం అన్నవాళ్ళు ఇది చదువుకోవాలి.

అడయార్_అమ్మాజీ
ఎక్కడ చెప్పింది బాబూ సైన్స్ అలాగని? రెండు జింకలు కొట్టుకుంటే ఓడినదాని గతేంటో గిండీ గారు రాశారు, అది చదవలేదా? ఆ కండ ఎవరి మీదా పెత్తనం కోసం రాలేదు. ఇంకో మగవాడి చేతిలో తన్నులు తినకుండా ఉండటానికొచ్చింది.

ఫిజియో_తాంబరం
వేటగాడు గారూ, "పైన" అనే మాటకి ఇక్కడ అర్థం లేదు. కండని పోషించాలంటే రోజూ తిండి కావాలి. కరువొస్తే అదే బరువు. 1933లో ఉక్రెయిన్ కరువులో పుట్టినప్పటి సగటు ఆయుష్షు ఆడవాళ్ళకి 11 ఏళ్ళ దగ్గరికి పడిపోయింది, మగవాళ్ళకి 7 దగ్గరికి. పసిపిల్లల్లోనే ఈ తేడా ఎక్కువ కనపడింది, అంటే కండ ఒక్కటే కాదు, రోగాన్ని తట్టుకోవడం కూడా అందులో ఉంది. ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, పనిచేసిన నర్సుని అడగండి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో ఆడపిల్లే గట్టిపిండం అంటుంది.

2019లో సారా థామస్ అనే ఆవిడ ఇంగ్లిష్ ఛానల్ నాలుగుసార్లు ఆగకుండా ఈదింది, 54 గంటలు. అప్పటికి ఆ పని ఏ మగవాడూ చేయలేదు. ఆవిడ ఏడాది ముందే రొమ్ము క్యాన్సర్‌ చికిత్స పూర్తి చేసుకుంది. ఏ పనికి కొలుస్తున్నామో చెప్పకుండా బలం అనకూడదు.

పాత_పహిల్వాన్
నాకు 68. కుర్రతనంలో పదేళ్ళు గోదాలో మట్టి తిన్నాను, మా గురువుగారు వాషర్‌మెన్‌పేట తెలుగువాడే. గిండీ అబ్బాయి రాసినదాంట్లో ఒక్కటి నాకు బాగా నచ్చింది, ముందు పక్కపక్కన నడుస్తాయి అన్నది. మనుషులూ అంతే నాయనా. గోదాలోకి దిగగానే పట్టు పట్టరు. మట్టి తీసి చేతులకి రాస్తారు, తొడ కొడతారు, భుజం విప్పి అటూఇటూ తిరుగుతారు. ఆ తిరగడంలోనే సగంమందికి గుండె జారిపోతుంది. గొంతు కూడా ఒక ఆయుధమే, బొంగురుగా "రా" అంటే చాలు. నా చెవి చూస్తే గోబీ పువ్వులా ముడుచుకుపోయి ఉంటుంది, కుడి భుజం ఇప్పటికీ చలికాలంలో పలుకుతుంది. కొట్లాటకని వచ్చిన ఒళ్ళు కొట్లాటలోనే అరిగిపోతుంది. మా బ్యాచ్‌లో నాతో పాటు దిగినవాళ్ళు ఇప్పుడు ముగ్గురమే ఉన్నాం. వాళ్ళ భార్యలు మాత్రం దాదాపు అందరూ ఉన్నారు.

వేళచ్చేరి_వాణి
తాతగారూ, ఈ పోస్ట్ మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

మడిపాక్కం_మాస్టారు
గొంతు మాట నిజమే పహిల్వాన్ గారూ. మగవాడి గొంతు ఆడగొంతు కన్నా స్థాయిలో ఇంచుమించు సగానికి దిగుతుంది. ఎత్తులో ఏడెనిమిది శాతమే తేడా ఉన్నవాళ్ళకి గొంతులో అంత తేడా అవసరమా? ఒళ్ళు ఉన్నదానికన్నా పెద్దదని వినిపించడానికే అని చెప్తారు. మా తొమ్మిదో తరగతిలో ఏటా చూస్తాను, గొంతు మారిన కుర్రాడు వెనక బెంచీకి నాయకుడవుతాడు.

పల్లికరణై_పక్షి
అందరూ మగదే పెద్దది, మగదే కొట్లాడుతుంది అని రాస్తున్నారు, ఒక్కసారి వానలయ్యాక పల్లికరణై చిత్తడినేలకి రండి. పొడుగు తోక జకానా అని ఒక పక్షి, తామరాకుల మీద నడుస్తుంది, కాలివేళ్ళు అంత పొడుగు. దాంట్లో ఆడది పెద్దది. మగవాటి కోసం ఆడవే కొట్టుకుంటాయి. గుడ్లు పెట్టి ఆడది ఇంకో మగదాని దగ్గరికి వెళ్ళిపోతుంది, పొదిగేదీ పిల్లల్ని తిప్పేదీ మగదే. ఒక మగది వాన పడుతుంటే పిల్లల్ని రెక్కల కింద దాచుకుని నిలబడటం చూశాను, కిందనుంచి పిల్లల కాళ్ళు మాత్రం పుల్లల్లా వేలాడుతున్నాయి.

కాబట్టి సూత్రం మగా ఆడా కాదు. పిల్లల పని ఎవరి మెడకి చుట్టుకుంటుందో వాళ్ళు దొరకడం అరుదవుతుంది, రెండోవాళ్ళు వాళ్ళ కోసం కొట్టుకుంటారు, కొట్టుకునేవాళ్ళ ఒళ్ళు పెరుగుతుంది.

గోదారి పుంజు గారూ, మీరు ఎర్ర ఈకల పుంజుని డేగ అంటారు కదా. అసలు డేగల్లో ఆడదే పెద్దది!

గోదారి_పుంజు
అయ్యబాబోయ్. ఈ మాట మా ఊళ్ళో చెప్తే పందెం ఆపేస్తారు. డేగల్లో కూడా ఆడవే కొట్టుకుంటాయా?

పల్లికరణై_పక్షి
లేదండీ, అక్కడ కారణం వేరు, దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. సైజు తేడా కనపడ్డ ప్రతిచోటా కొట్లాట అనుకోకూడదని కూడా డేగే చెప్తోంది.

సందేహం_శాస్త్రి
ఈ చివరి వాక్యం కోసమే నేను పొద్దున్నుంచీ కొట్టుకుంటున్నాను.

అడయార్_అమ్మాజీ
నా గుడ్డు పులుసు మాట మర్చిపోయారు అందరూ. తిండి ఒక్కటే కాదు, పని కూడా ఎముకని మారుస్తుంది. 2017లో కేంబ్రిడ్జి వాళ్ళు మధ్య యూరప్‌లో తవ్వకాల్లో దొరికిన ఆడవాళ్ళ ఎముకలు కొలిచారు. ఏడువేల ఏళ్ళ నాటి రైతు ఆడవాళ్ళ చేతి ఎముకలు, ఇప్పుడు పడవ పోటీల్లో తెడ్లు వేసే మేటి అమ్మాయిల కన్నా 11 నుంచి 16 శాతం గట్టిగా ఉన్నాయట. నేల దున్ని, రోజుకి గంటలకొద్దీ ధాన్యం విసిరి. మా అమ్మమ్మ తిరగలి ముందు కూర్చుంటే మణికట్టు నుంచి జబ్బ దాకా నరాలు తాళ్ళలా లేచేవి. కందులు పోస్తూ ఒక చేత్తో తిప్పేది, మధ్యలో చెయ్యి మార్చేది, మాటలు ఆపేది కాదు. ఆవిడతో వాణి తమ్ముణ్ణి పంజా పట్టించి ఉంటే మూడు సెకన్లలో అయ్యేది కాదు. గెలిచేదని అనను, నాకు తెలియదు. కానీ మూడు సెకన్లలో మాత్రం కాదు.

ఫిజియో_తాంబరం
ఇది చాలా మంచి మాట అమ్మాజీ గారూ. పుట్టుకతో వచ్చిన దూరం ఒకటి, మనం పని ఆపేసి పెంచుకున్న దూరం ఇంకొకటి. రెండోది వాణి గారి చేతుల్లో ఉంది. వాణి గారూ, మీ రొటీన్‌లో పుల్‌అప్స్ ఉన్నాయా?

వేళచ్చేరి_వాణి
లేవండీ. ఆడవాళ్ళకి ఇచ్చే చార్ట్‌లో కాళ్ళూ, నడుమూ, కార్డియో, చివర్లో రెండు కిలోల గులాబీ రంగు డంబెల్స్. నాలుగేళ్ళూ అదే చార్ట్. బార్ దగ్గరికి వెళ్తే "భుజాలు మగాళ్ళలా అయిపోతాయి మేడమ్" అన్నారు. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది నాకు.

సిక్కోలు_సిరి
అదే మాట ఆమదాలవలస దగ్గర ఎవరో వినిపించుకుని ఉంటే కరణం మల్లీశ్వరి ఉండేదా? మా జిల్లా ఆవిడ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగం, స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. నిండు గ్యాస్ బండ 30 దాకా ఉంటుంది కాబట్టి, 130 కిలోలంటే నాలుగు నిండు బండలకన్నా ఎక్కువ, తలమీదకి. ఈ చర్చలో ఉన్న మగవాళ్ళెవరైనా ఎత్తగలరా చెప్పండి. సగటు సగటే, మనిషి మనిషే.

గిండీ_నడక
నేను రెండు బండలకే కూర్చుండిపోతాను అక్కా. సగటు గురించి మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను.

వేళచ్చేరి_వాణి
అప్‌డేట్. నిన్న రాత్రి ఇంకో పోటీ పెట్టాను. గోడకుర్చీ. బళ్ళో హోంవర్క్ చేయకపోతే వేయించేవాళ్ళే, అదే. హాల్లో ఇద్దరం గోడకి వీపు ఆనించి కూర్చున్నాం, అమ్మ ఫోన్‌లో టైమర్ పెట్టింది. నిమిషంన్నరకి వాడి తొడలు వణకడం మొదలైంది, రెండు నిమిషాల పది సెకన్లకి "అక్కా చాలు" అని జారి నేలమీద కూర్చున్నాడు. నేను నాలుగు నిమిషాలు దాటాను, ఆ తర్వాత పాలు పొంగుతున్నాయని అమ్మ టైమర్ వదిలేసి వెళ్ళిపోయింది.

ఫిజియో_తాంబరం
మీ స్క్వాట్ సాధన సగం కారణం. మిగతా సగంలో ఇది కూడా ఉండొచ్చు: కదలకుండా బిగించి పట్టే పనుల్లో, ఎవరి బలానికి తగ్గ బరువు వాళ్ళకిస్తే, ఆడవాళ్ళ కండ తొందరగా అలసిపోదు. ఇది చాలా ప్రయోగాల్లో కనపడింది. పుల్‌అప్స్‌కి ముందు రెండు వారాలు బార్ పట్టుకుని ఊరికే వేలాడండి, రోజుకి మూడుసార్లు, ఇరవై సెకన్లు. భుజం పలికితే ఆపేసి నాకు రాయండి.

వేళచ్చేరి_వాణి
సరేనండీ. బార్ ఇంట్లోనే తలుపు మీద బిగించుకుంటాను, తమ్ముడు డ్రిల్లింగ్ మెషీన్ తెస్తానన్నాడు. గిండీ నడక గారూ, వాడికి ఆ జింకల కొట్లాట చూడాలట, ఎన్నింటికి వస్తే కనపడతాయి?

గిండీ_నడక
తెల్లవారగానే, ఎండ రాకముందు. ఖాయంగా కొట్లాడతాయని మాటివ్వలేను, పక్కపక్కన నడవడం మాత్రం తరచూ కనపడుతుంది. బూట్లు చప్పుడు చేయనివి వేసుకురమ్మనండి.